పోస్ట్‌గ్రెస్‌తో భారీ విశ్లేషణ క్వెరీలు: మొదటి కొలత నుంచి షార్డింగ్ దాకా

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచే రిపోర్టులు నెమ్మదించగానే చాలా టీములు ముందు పెద్ద సర్వర్ తీసుకుంటాయి, అదీ చాలకపోతే వేరే డేటాబేస్‌కు మారిపోదామని చర్చ పెడతాయి. ఆ రెండూ ఖరీదైన పనులే. వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: జవాబు చెప్పడానికి ఈ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎన్ని పేజీలు (పోస్ట్‌గ్రెస్ డేటాను దాచే 8 కేబీ ముక్కలు) చదువుతోంది?

లెక్క వేసి చూద్దాం. ఈవెంట్స్ అనే టేబుల్‌లో 100 కోట్ల వరుసలు ఉన్నాయనుకోండి, ఒక్కో వరుసలో సగటున 200 బైట్ల డేటా. పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకూ 24 బైట్ల హెడర్, 4 బైట్ల పాయింటర్ కలుపుతుంది. అంటే 8 కేబీ పేజీలో 35 వరుసలు పడతాయి. మొత్తం దాదాపు 2.86 కోట్ల పేజీలు, సుమారు 230 జీబీ. డిస్క్ సెకనుకు 1 జీబీ ఇచ్చినా టేబుల్ మొత్తం ఒకసారి చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాను వరుసల వారీగా దాస్తుంది కాబట్టి, మీకు కావాల్సినవి రెండే కాలమ్‌లైనా పేజీలు మాత్రం అన్నీ చదవాల్సిందే. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ పేజీల సంఖ్యను తగ్గిస్తుంది, లేదా ఆ పనిని ఎక్కువ చేతులకు పంచుతుంది. తగ్గించే మార్గాలు అయిపోయాకే పంచే మార్గాల మీద డబ్బు పెట్టండి.

ఉదాహరణలన్నీ 64 జీబీ ర్యామ్, 16 కోర్లు, ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

1. ముందు కొలవండి

ప్రతి క్వెరీకి పట్టిన సమయాన్ని లెక్కగట్టే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్‌ను షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ సెట్టింగ్‌లో చేర్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. కొన్ని రోజులు నడిచాక టోటల్_ఎగ్జెక్_టైమ్ (మొత్తం నడిచిన సమయం) ప్రకారం పై నుంచి కిందికి పేర్చి చూడండి. సగటు సమయం ప్రకారం పేరిస్తే నెలకోసారి నడిచే రిపోర్టు పైకి వచ్చి కూర్చుంటుంది. రోజంతా సర్వర్‌ను నలిపేసే క్వెరీ కింద దాక్కుంటుంది.

తేలిన క్వెరీలను ఒక్కొక్కటిగా ఎక్స్‌ప్లెయిన్‌తో (క్వెరీని నడిపే ప్లాన్‌ను చూపే కమాండ్) నడపండి, అనలైజ్, బఫర్స్ ఆప్షన్లు రెండూ పెట్టి. అనలైజ్ పెడితే క్వెరీ నిజంగానే నడుస్తుంది కాబట్టి అప్‌డేట్, డిలీట్‌ల విషయంలో జాగ్రత్త. ఫలితంలో చూడాల్సినవి ఇవి.

బఫర్స్ వరుసలో హిట్ అంటే షేర్డ్ బఫర్లలో (మెమరీలో పోస్ట్‌గ్రెస్ ఉంచుకునే సొంత క్యాష్) దొరికిన పేజీలు, రీడ్ అంటే బయటి నుంచి తెచ్చినవి. రీడ్ పక్కన 1310720 అని ఉంటే, 8 కేబీతో గుణిస్తే సరిగ్గా 10 జీబీ. ఇదే మీ అసలు కొలత. పేజీలు తగ్గకుండా సమయం మాత్రమే తగ్గితే అది బహుశా క్యాష్ చలవ, రేపు ఉండకపోవచ్చు.

సార్ట్ (వరుసలను క్రమంలో పేర్చడం) దగ్గర ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని, హాష్ (జాయిన్లకూ మొత్తాలకూ మెమరీలో కట్టే పట్టిక) దగ్గర బ్యాచెస్ 1 కన్నా ఎక్కువ అని కనిపిస్తే మెమరీ చాలక పని డిస్క్‌కు పోయిందని అర్థం. అంచనా వరుసలకూ అసలు వరుసలకూ వంద రెట్ల తేడా ఉంటే స్టాటిస్టిక్స్ (డేటా గురించి పోస్ట్‌గ్రెస్ దాచుకునే గణాంకాలు) తప్పు, ఆ సంగతి ఆరో మెట్టులో. పారలల్ ప్లాన్‌లో (పనిని పలు ప్రాసెస్‌లకు పంచే ప్లాన్) కనిపించే వరుసల సంఖ్య ఒక్కో లూప్‌కు సగటు. లూప్స్‌తో గుణించకపోతే అంచనా తప్పిందని పొరబడతారు.

2. మెమరీ

షేర్డ్_బఫర్స్ డిఫాల్ట్ 128 ఎంబీ మాత్రమే. ర్యామ్‌లో పావు వంతు, అంటే 16 జీబీ పెట్టండి. ఇంకా పెంచితే విశ్లేషణ క్వెరీలు వేగంగా నడుస్తాయనుకోవద్దు. షేర్డ్ బఫర్లలో నాలుగో వంతు కన్నా పెద్ద టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా స్కాన్ చేసేటప్పుడు పోస్ట్‌గ్రెస్ కావాలనే 256 కేబీ చిన్న రింగ్‌ను తిప్పి తిప్పి వాడుతుంది, ఒక్క స్కాన్ మిగతా అందరి క్యాష్‌నూ ఊడ్చేయకుండా. పెద్ద టేబుళ్లకు నిజంగా పనికొచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్. ఎఫెక్టివ్_క్యాష్_సైజ్ 48 జీబీ పెట్టండి. ఇది మెమరీని తీసుకోదు, ప్లానర్‌కు (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) అంచనా చెబుతుందంతే. ఎస్‌ఎస్‌డీ మీద ర్యాండమ్_పేజ్_కాస్ట్‌ను (చెల్లాచెదురుగా ఉన్న పేజీ చదవడానికి ప్లానర్ వేసుకునే ఖర్చు) 4 నుంచి 1.1కి దించండి.

అసలు ప్రమాదం వర్క్_మెమ్ (సార్ట్‌లకూ హాష్‌లకూ ఇచ్చే మెమరీ పరిమితి) దగ్గర ఉంది. డిఫాల్ట్ 4 ఎంబీ విశ్లేషణకు ఏ మూలకూ చాలదు. అయితే ఆ పరిమితి క్వెరీకి కాదు, ప్లాన్‌లో ఉన్న ప్రతి సార్ట్‌కూ, ప్రతి హాష్‌కూ విడివిడిగా, ప్రతి వర్కర్‌కూ (క్వెరీ పనిని పంచుకునే సహాయక ప్రాసెస్) విడివిడిగా వర్తిస్తుంది. 256 ఎంబీ పెట్టారనుకోండి. ఒకేసారి 8 క్వెరీలు, ఒక్కోదానికి 4 వర్కర్లూ ఒక లీడరూ కలిపి 5 ప్రాసెస్‌లు, ఒక్కో ప్లాన్‌లో 3 సార్ట్‌లు లేదా హాష్‌లు: 8 × 5 × 3 × 256 ఎంబీ, అంటే 30 జీబీ. హాష్_మెమ్_మల్టిప్లయర్ 15వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా 2 కాబట్టి అవన్నీ హాష్‌లైతే 60 జీబీ. 64 జీబీ యంత్రం అక్కడితో సరి. లినక్స్ ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను ఆపేసే భాగం) ఒక్క ప్రాసెస్‌ను చంపితే చాలు, షేర్డ్ మెమరీ చెడిపోయి ఉండొచ్చని పోస్ట్‌గ్రెస్ అన్ని కనెక్షన్లనూ తెంచి రికవరీకి వెళ్తుంది.

అందుకే వర్క్_మెమ్‌ను సర్వర్ మొత్తానికి పెంచవద్దు. సర్వర్‌కు 16 లేదా 32 ఎంబీ ఉంచి, రిపోర్టులు నడిపే రోల్‌కు (డేటాబేస్ యూజర్) మాత్రం ఆల్టర్ రోల్‌తో 256 ఎంబీ ఇవ్వండి. ఆ రోల్‌కు కనెక్షన్ లిమిట్ కూడా పెట్టండి, లేకపోతే పై లెక్కకు హద్దు ఉండదు. డిస్క్ మీద రాసే తాత్కాలిక ఫైళ్ల హద్దు టెంప్_ఫైల్_లిమిట్ డిఫాల్ట్‌గా అపరిమితం. ఒక్క జాయిన్ కండిషన్ మర్చిపోయిన క్వెరీ డిస్క్ మొత్తం నింపేయగలదు కాబట్టి దానికీ ఒక అంకె ఇవ్వండి. లినక్స్ సెట్టింగ్ వీఎమ్.ఓవర్‌కమిట్_మెమరీని 2 చేస్తే మెమరీ అయిపోయినప్పుడు సర్వర్ అంతా కూలకుండా ఆ ఒక్క క్వెరీయే ఎర్రర్‌తో ఆగుతుంది. దాంతోపాటు ఓవర్‌కమిట్_రేషియోను కూడా ర్యామ్, స్వాప్‌లకు తగినట్టు సరిచేయాలి.

3. పారలల్ క్వెరీ

9.6 వెర్షన్‌తో 2016లో వచ్చిన సదుపాయం ఇది. డిఫాల్ట్ విలువలు మాత్రం ఇప్పటికీ పిసినారిగా ఉంటాయి: మ్యాక్స్_పారలల్_వర్కర్స్_పర్_గ్యాదర్ 2, మ్యాక్స్_పారలల్_వర్కర్స్ 8, మ్యాక్స్_వర్కర్_ప్రాసెసెస్ 8. మన 16 కోర్ల యంత్రంలో వరుసగా 4, 12, 20తో మొదలుపెట్టండి. మూడోది మారిస్తే రీస్టార్ట్ కావాలి.

వర్కర్ల సంఖ్యను టేబుల్ సైజును బట్టి ప్లానర్ నిర్ణయిస్తుంది: 8 ఎంబీకి ఒకరు, ఆ తర్వాత సైజు మూడింతలైన ప్రతిసారీ ఇంకొకరు. ఇది సరిపోకపోతే టేబుల్ మీదే పారలల్_వర్కర్స్ విలువ పెట్టొచ్చు.

అన్నీ పెట్టినా వర్కర్లు రాకపోతే కారణం దాదాపు ఎప్పుడూ కింది వాటిలో ఒకటే. మీరు సొంతంగా రాసిన ఫంక్షన్ ఒక్కటి క్వెరీలో ఉన్నా చాలు. ఫంక్షన్లు డిఫాల్ట్‌గా పారలల్ అన్‌సేఫ్ కాబట్టి క్వెరీ మొత్తం ఒకే ప్రాసెస్‌లో నడుస్తుంది. ఫంక్షన్ డేటా మార్చనిదీ, సెషన్ స్థితిని ముట్టనిదీ అయితే పారలల్ సేఫ్ అని ప్రకటించండి. డిక్లేర్ కర్సర్ ద్వారా వచ్చే క్వెరీలకు పారలల్ ప్లాన్ తయారు కాదు. డ్రైవర్ ఫలితాన్ని ముక్కలుగా తెచ్చుకునేలా ఫెచ్ సైజు పెట్టినా, ప్లాన్‌లో వర్కర్లు ఉండి కూడా నడిచేటప్పుడు లేవరు. మీ చేతిలో వేగంగా నడిచిన క్వెరీ రిపోర్టింగ్ టూల్‌లో నత్తనడక నడిస్తే ముందు అక్కడ చూడండి. ఇన్‌సర్ట్ సెలెక్ట్‌కు పారలల్ లేదు. క్రియేట్ టేబుల్ యాజ్, మెటీరియలైజ్డ్ వ్యూ (ఫలితాన్ని దాచి ఉంచే క్వెరీ) సృష్టించేటప్పుడు మాత్రం చదివే భాగం పారలల్‌గా నడుస్తుంది.

కౌంట్ డిస్టింక్ట్ గురించి విడిగా చెప్పాలి. డిస్టింక్ట్ ఉన్న అగ్రిగేట్‌లను పోస్ట్‌గ్రెస్ వర్కర్లకు పంచలేదు. లోపలి క్వెరీలో సెలెక్ట్ డిస్టింక్ట్ చేసి, బయట మామూలు కౌంట్ పెడితే తరచూ చాలా వేగం వస్తుంది.

డాకర్‌లో నడిపేవాళ్లకు ఇంకో చిక్కు. కంటైనర్‌కు షేర్డ్ మెమరీ డిఫాల్ట్‌గా 64 ఎంబీ. పారలల్ హాష్ జాయిన్ అది దాటగానే షేర్డ్ మెమరీ సెగ్మెంట్ సైజు పెంచలేకపోయామని, డిస్క్‌లో చోటు లేదని ఎర్రర్ వస్తుంది. డిస్క్ ఖాళీగానే ఉంటుంది, జనం గంటలకొద్దీ డిస్క్ వెతుకుతారు. ఎస్‌హెచ్‌ఎం సైజును (కంటైనర్ షేర్డ్ మెమరీ పరిమితి) కొన్ని జీబీలకు పెంచితే చాలు.

4. పార్టిషన్లు

విశ్లేషణకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదేనని మా అభిప్రాయం. 230 జీబీ టేబుల్‌లో రెండేళ్ల డేటా ఉండి, రిపోర్టులు ఎక్కువగా ఒక్కో నెలవి అయితే, నెలకో పార్టిషన్ (టేబుల్‌లో విడిగా దాచిన ముక్క) చొప్పున 24 చేయండి. నెల రిపోర్టు ఇప్పుడు 10 జీబీయే చదువుతుంది. నాలుగు నిమిషాలు పది సెకన్లవుతాయి, అదీ ఒక్క కొత్త యంత్రం లేకుండా.

10వ వెర్షన్ నుంచి ఉన్న డిక్లరేటివ్ పార్టిషనింగ్‌నే వాడండి, కానీ 12 లేదా ఆ పైన వెర్షన్ మీద. సమయం కాలమ్ మీద రేంజ్ పార్టిషన్ పెట్టాలి. ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ కూడా ఉండి తీరాలి. అంటే ఐడీ ఒక్కటే టేబుల్ అంతటా ప్రత్యేకంగా ఉండాలని డేటాబేస్ ఇక హామీ ఇవ్వదు. డిజైన్ దశలోనే దీన్ని ఒప్పుకోండి.

పార్టిషన్లు చేసినా క్వెరీ అన్నిటినీ చదువుతుంటే వేర్ క్లాజ్ చూడండి. కాలమ్‌ను ఏదైనా ఫంక్షన్‌లో చుడితే, ఉదాహరణకు డేట్_ట్రంక్‌తో నెలకు కుదించి పోలిస్తే, ప్రూనింగ్ (అక్కర్లేని పార్టిషన్లను వదిలేయడం) జరగదు. కాలమ్‌ను ఒంటరిగా వదిలి, నెల మొదటి తేదీకి సమానం లేదా ఎక్కువ, తర్వాతి నెల మొదటి తేదీకి తక్కువ అని రాయండి. నౌ ఫంక్షన్ (ప్రస్తుత సమయం) వాడితే ప్లాన్ తయారీలో కాక, నడక మొదలయ్యేటప్పుడు ప్రూనింగ్ జరుగుతుంది. ప్లాన్‌లో సబ్‌ప్లాన్స్ రిమూవ్డ్ అని కనిపిస్తే అది పనిచేసినట్టే.

ఎన్ని పార్టిషన్లు? ఒక్కోటి కొన్ని జీబీల నుంచి కొన్ని పదుల జీబీల దాకా ఉండేలా చూసుకోండి. రోజుకో పార్టిషన్ చొప్పున ఐదేళ్లకు పెడితే 1800 దాటతాయి. ప్రూనింగ్ జరగని ప్రతి క్వెరీ వాటన్నిటినీ, వాటి ఇండెక్సులనూ లాక్ చేయాలి. ప్లానింగ్ సమయమే భారమవుతుంది, ప్రతి కనెక్షన్ మెమరీలోనూ వాటి వివరాలు పేరుకుంటాయి. మ్యాక్స్_లాక్స్_పర్_ట్రాన్సాక్షన్ డిఫాల్ట్ 64 కూడా చాలదు.

పాత డేటా తొలగించడానికి డిలీట్ వాడవద్దు. పార్టిషన్‌ను డిటాచ్ చేసి డ్రాప్ చేస్తే క్షణంలో అయిపోతుంది, వాక్యూమ్ (తొలగించిన, పాతబడిన వరుసలను శుభ్రం చేసే పని) భారం ఉండదు. 14 నుంచి డిటాచ్‌ను కంకరెంట్లీగా (మిగతా క్వెరీలను ఆపకుండా) చేయొచ్చు. అయితే డిఫాల్ట్ పార్టిషన్ (మిగతా ఏ పార్టిషన్‌లోనూ పడని వరుసలు చేరేది) ఉంటే అది కుదరదు. డిఫాల్ట్ పార్టిషన్‌తో ఇంకో బెడద కూడా ఉంది: కొత్త పార్టిషన్ చేర్చిన ప్రతిసారీ దానికి చెందిన వరుసలేమైనా డిఫాల్ట్‌లో ఉన్నాయేమోనని పోస్ట్‌గ్రెస్ దాన్ని మొత్తం స్కాన్ చేస్తుంది, లాక్ పట్టుకునే. దాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, లేదా పెట్టకండి. ముందుగా నింపిన టేబుల్‌ను అటాచ్ చేసేటప్పుడు దాని హద్దులకు సరిపోయే చెక్ కన్‌స్ట్రెయింట్ ముందే పెడితే, ఆ టేబుల్ స్కాన్ తప్పుతుంది.

మొత్తాలు, జాయిన్లు పార్టిషన్ల వారీగా చేయించే ఎనేబుల్_పార్టిషన్‌వైజ్_అగ్రిగేట్, ఎనేబుల్_పార్టిషన్‌వైజ్_జాయిన్ డిఫాల్ట్‌గా ఆపి ఉంటాయి. రిపోర్టింగ్ రోల్‌కు ఆన్ చేయండి. కానీ అప్పుడు వర్క్_మెమ్ వాడే చోట్ల సంఖ్య పార్టిషన్ల సంఖ్యతో పాటు పెరగొచ్చు. రెండో మెట్టులోని లెక్క మళ్లీ వేయండి.

5. ఇండెక్సులు

100 కోట్ల వరుసల మీద టైమ్‌స్టాంప్‌కు బీ-ట్రీ ఇండెక్స్ (ప్రతి విలువనూ క్రమంలో పేర్చే మామూలు రకం) పెడితే, విలువలు ఎక్కువగా వేర్వేరు అయినప్పుడు 20 జీబీ పైమాటే. డేటా సమయం వరుసలోనే వచ్చి చేరుతుంటే బ్రిన్ ఇండెక్స్ చాలు. అది ప్రతి 128 పేజీలకు, అంటే 1 ఎంబీకి, కనిష్ఠ, గరిష్ఠ విలువలు మాత్రమే రాసుకుంటుంది కాబట్టి మొత్తం కొన్ని ఎంబీలే. పీజీ_స్టాట్స్‌లో కోరిలేషన్ (విలువల క్రమానికీ డిస్క్ మీది క్రమానికీ ఉన్న పొంతన) 1కి లేదా −1కి చాలా దగ్గరగా ఉంటేనే దీనికి విలువ. పాత వరుసలను అప్‌డేట్ చేస్తూ పోతే కొత్త ప్రతులు ఎక్కడో ఖాళీ పేజీల్లోకి వెళ్తాయి, కోరిలేషన్ పోతుంది, బ్రిన్ నెమ్మదిగా పనికిరాకుండా పోతుంది. కొత్తగా చేరిన పేజీల సారాంశం వాక్యూమ్ దాకా తయారు కాదు. ఆటోసమ్మరైజ్ ఆన్ చేసుకోండి.

ఇండెక్స్ ఓన్లీ స్కాన్ (టేబుల్‌ను ముట్టకుండా ఇండెక్స్ నుంచే జవాబివ్వడం) కోసం ఇంక్లూడ్‌తో కాలమ్‌లు చేర్చవచ్చు, కానీ ప్లాన్‌లో హీప్ ఫెచెస్ (అయినా టేబుల్ దాకా వెళ్లాల్సివచ్చిన సార్లు) పెద్ద అంకెగా కనిపిస్తే లాభం లేదు. ఆ టేబుల్‌ను వాక్యూమ్ చేయాలి.

6. స్టాటిస్టిక్స్

మూడు పనులు చేయండి. వడపోతకు వాడే కాలమ్‌లకు స్టాటిస్టిక్స్ టార్గెట్‌ను 100 నుంచి 500 లేదా 1000కి పెంచండి. నగరం, పిన్‌కోడ్ లాగా ఒకదాని మీద ఒకటి ఆధారపడే కాలమ్‌లకు క్రియేట్ స్టాటిస్టిక్స్ వాడండి. లేకపోతే ప్లానర్ వాటిని స్వతంత్రమనుకుని రెండు సంభావ్యతలనూ గుణిస్తుంది, అంచనా నేలకు దిగుతుంది, లక్షల వరుసల మీద నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌ను మళ్లీ వెతికే జాయిన్) ఎంచుకుంటుంది. రాత్రంతా నడిచే క్వెరీల్లో చాలావాటి వెనక ఉన్న కారణం ఇదే. మూడోది చాలామందికి తెలియదు: ఆటోవాక్యూమ్ పార్టిషన్లను అనలైజ్ చేస్తుంది (గణాంకాలు సేకరిస్తుంది) కానీ తల్లి టేబుల్‌ను చేయదు. దాన్ని మీరే షెడ్యూల్ పెట్టి అనలైజ్ చేయాలి.

7. డేటా లోడింగ్

విడివిడి ఇన్‌సర్ట్‌లు కాకుండా కాపీ కమాండ్ వాడండి. వాల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) పరిమితి మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీ భారీ లోడ్‌కు చాలదు. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డిస్క్‌కు రాసే ఘట్టాలు) వెంటవెంటనే వచ్చి, ప్రతిసారీ పూర్తి పేజీలు వాల్‌లోకి రాయాల్సివస్తుంది. 32 జీబీ దాకా పెంచండి, డిస్క్‌లో ఆ చోటు ఉందో లేదో చూసుకుని. లోడ్ అయ్యాక వాక్యూమ్‌ను ఫ్రీజ్, అనలైజ్‌లతో కలిపి నడపండి. అది చేయకపోతే మొదటి రిపోర్టు చదవడమే కాక, హింట్ బిట్‌లు (వరుస కమిట్ అయిందో లేదో చెప్పే గుర్తులు) రాస్తూ లక్షల పేజీలను డిస్క్‌కు తిరగరాస్తుంది.

8. ముందే కూడి పెట్టుకోవడం

డ్యాష్‌బోర్డ్ ప్రతి నిమిషం అదే మొత్తాన్ని అడుగుతుంటే 10 జీబీ చదవడం కూడా వృథాయే. గంటకు, కస్టమర్‌కు ఒక వరుస చొప్పున సారాంశ టేబుల్ ఉంచితే కోట్ల వరుసలు వేలకు దిగుతాయి.

మెటీరియలైజ్డ్ వ్యూ సులువు, కానీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా అన్నీ మొదటి నుంచి లెక్కేస్తుంది. మామూలు రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ చదివేవాళ్లు ఆగాలి. కంకరెంట్లీ కావాలంటే యూనిక్ ఇండెక్స్ తప్పనిసరి. డేటా పెద్దదైతే సొంత సారాంశ టేబుల్ పెట్టుకుని, చివరి కొన్ని గంటల భాగాన్ని మాత్రమే మళ్లీ లెక్కించి ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌తో పాత విలువ మీద రాయండి. పాత విలువకు కలపవద్దు, మొత్తంగా మార్చండి. అప్పుడు జాబ్ మధ్యలో ఆగి రెండుసార్లు నడిచినా లెక్క చెడదు. ఆలస్యంగా వచ్చే ఈవెంట్ల కోసం ఆ గంటల కిటికీ తగినంత వెడల్పు ఉంచాలి.

మొత్తం, కౌంట్ కూడుకుంటాయి. సగటును దాచవద్దు, మొత్తాన్నీ కౌంట్‌నూ దాచండి. ప్రత్యేక వాడుకరుల సంఖ్యను అలా కూడలేం: సోమవారం వచ్చినవాళ్లే మంగళవారమూ వస్తారు. దానికి హైపర్‌లాగ్‌లాగ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. అది ఇచ్చేది అంచనా, కచ్చితమైన లెక్క కాదు. ఆ సంగతి రిపోర్టు చదివేవాళ్లకు ముందే చెప్పండి.

9. రెప్లికా

విశ్లేషణ భారాన్ని ప్రధాన సర్వర్ నుంచి తప్పించడానికి స్ట్రీమింగ్ రెప్లికా (మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే నకలు సర్వర్) మంచి మార్గం. కానీ పొడవైన క్వెరీలు అక్కడ రికవరీతో (ప్రధాన సర్వర్ మార్పులను అక్కడ అమలు చేయడం) ఘర్షణ వల్ల రద్దవుతుంటాయి, మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే డిఫాల్ట్ 30 సెకన్లే కాబట్టి. హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేస్తే రద్దులు చాలావరకు తగ్గుతాయి, అయితే ఆ బరువు ప్రధాన సర్వర్‌లో చనిపోయిన వరుసలు పేరుకోవడం రూపంలో పడుతుంది. రిపోర్టులకే కేటాయించిన రెప్లికా అయితే డిలేను −1 చేసి, డేటా కొంత వెనకబడటాన్ని ఒప్పుకోవడమే మేలు. దాన్ని ఫెయిలోవర్‌కు (ప్రధాన సర్వర్ పడిపోతే దాని స్థానంలో నిలపడానికి) మాత్రం నమ్ముకోవద్దు.

రెప్లికాలో టెంపరరీ టేబుళ్లు, వేరే ఇండెక్సులు కుదరవు. అవి కావాలంటే లాజికల్ రెప్లికేషన్ (టేబుళ్ల డేటా మార్పులను వేరే స్వతంత్ర సర్వర్‌కు పంపడం). టేబుల్ నిర్మాణంలో మార్పులను అది మోయదు, రెండు వైపులా మీరే చేయాలి. స్వీకరించే వైపు ఆగిపోతే స్లాట్ (ఇంకా పంపాల్సిన వాల్‌ను పట్టి ఉంచేది) కారణంగా ప్రధాన సర్వర్‌లో వాల్ ఫైళ్లు పేరుకుని డిస్క్ నిండుతుంది. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ డిఫాల్ట్‌గా హద్దు లేనిది, హద్దు పెట్టండి.

10. కాలమ్ నిల్వ

60 కాలమ్‌ల టేబుల్‌లో ప్రతిసారీ మూడే అడుగుతుంటే ఇప్పుడు దీని వంతు. సైటస్ ఎక్స్‌టెన్షన్‌లో కాలమ్నర్ నిల్వ ఉంది. కాలమ్‌లను విడిగా కుదించి దాస్తుంది, అడిగినవే చదువుతుంది. అప్‌డేట్, డిలీట్ అందులో కుదరవు. ఒక్కో వరుస చొప్పున ఇన్‌సర్ట్ చేస్తే ఒక్కో ట్రాన్సాక్షన్‌కు ఒక్కో స్ట్రైప్ (కలిపి కుదించే వరుసల గుంపు) తయారై కుదింపు ప్రయోజనమే పోతుంది. కాబట్టి ఈ నెల పార్టిషన్‌ను మామూలుగా ఉంచి, మారడం ఆగిపోయిన పాత పార్టిషన్లనే కాలమ్నర్‌కు మార్చండి. టైమ్‌స్కేల్‌డీబీ ఎక్స్‌టెన్షన్ కూడా పాత చంక్‌లను (దాని పార్టిషన్లు) ఇలాగే కుదిస్తుంది. ఆ భాగం అపాచీ లైసెన్స్ కింద కాక దాని సొంత లైసెన్స్ కింద ఉంటుంది, కంపెనీ నిబంధనలతో సరిచూసుకోండి. పార్కే (కాలమ్‌ల వారీగా దాచే ఫార్మాట్) ఫైళ్లలోకి పాత డేటా తీసేసినవాళ్లకు పీజీ_డక్‌డీబీ ఎక్స్‌టెన్షన్ ఉపయోగపడుతుంది.

11. షార్డింగ్

ఒక యంత్రం నిజంగా చాలనప్పుడే ఇక్కడికి రండి. సైటస్‌తో టేబుల్‌ను ఒక డిస్ట్రిబ్యూషన్ కాలమ్ ఆధారంగా అనేక యంత్రాలకు పంచవచ్చు, డిఫాల్ట్‌గా 32 షార్డులు (ముక్కలు). ఆ కాలమ్ ఎంపిక మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఎక్కువ జాయిన్లలో ఉండేది, చాలా విలువలు ఉన్నది, ఏ ఒక్క విలువా మొత్తంలో పెద్ద భాగం కానిది ఎంచుకోండి. కస్టమర్ ఐడీ తరచూ సరిపోతుంది. తేదీ సరిపోదు, ఎందుకంటే ఇవాళ్టి భారమంతా ఒక్క షార్డు మీద పడుతుంది. తేదీకి పార్టిషన్, కస్టమర్‌కు షార్డు, ఇదీ సరైన పొత్తు. అయితే 24 పార్టిషన్లకు 32 షార్డులంటే వెనక 768 టేబుళ్లు. రోజువారీ పార్టిషన్లయితే ఆ సంఖ్య చేయి దాటిపోతుంది.

పెద్ద టేబుళ్లన్నిటినీ అదే కాలమ్‌తో పంచితే జాయిన్లు ఆయా యంత్రాల్లోనే ముగుస్తాయి. దేశాలు, ఉత్పత్తుల వంటి చిన్న టేబుళ్లను రిఫరెన్స్ టేబుళ్లుగా పెడితే ప్రతి యంత్రంలో ఒక ప్రతి ఉంటుంది. డిస్ట్రిబ్యూషన్ కాలమ్ లేని జాయిన్ వస్తే క్వెరీ ఎర్రర్‌తో ఆగుతుంది, లేదా రీపార్టిషన్ జాయిన్ ఆన్ చేసి ఉంటే డేటా నెట్‌వర్క్ మీద తిరుగుతుంది. అది సాధారణంగా నెమ్మదే. అందుకే పంచే ముందు, మొదటి మెట్టులో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఇచ్చిన జాబితాలోని పై ఇరవై క్వెరీలను తీసి, ఎంచుకున్న కాలమ్ ఎన్నింటి జాయిన్‌లో ఉందో లెక్కపెట్టండి. సగంలో కూడా లేకపోతే ఆ కాలమ్‌తో పంచవద్దు.